ఇక్కడ ఒకటే కట్ట

మొన్న మంగళవారం పొద్దున మా డాక్టరత్తయ్య పోయారు. రెడ్‌మండ్‌లో ఆఫీసు దగ్గర కారు పార్క్ చేస్తుంటే ఆవిడ కూతురి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల. ఉండేది దేశం అటు చివర కమ్మింగ్‌లో, తల్లి కోసం కొన్నాళ్ళుగా మా ఊరు బాతెల్ వచ్చి ఉంటోంది. "అక్కా, అమ్మ నిద్రపోతుంది అనుకున్నాను. కాఫీ పెట్టాను. కాఫీ చల్లగా అయిపోయింది అక్కా," అంది. వాన ఎప్పుడు తెరిపిచ్చిందో తెలియదు. వైపర్లు మాత్రం పొడి అద్దం మీద కీచుమంటూ తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఆపాలని చాలాసేపటి వరకూ నాకు తోచలేదు.

ఈ పత్రిక చదివే మీలో కొందరికి ఆవిడ చేతి చలవ తగిలే ఉంటుంది, ఆ సంగతి మీకు తెలియకపోవచ్చు. ఆవిడ మత్తు డాక్టరు. "నా పేషెంట్లలో ఒక్కడికీ నా మొహం గుర్తుండదు. పలకరించేలోపే నిద్రపోతారు," అని నవ్వేవారు. గుంటూరులో చదివి, చిన్న వయసులోనే ఈ దేశం వచ్చి, రిటైరయ్యేదాకా ఆపరేషన్ థియేటర్లలోనే గడిపారు. అత్తయ్య అంటున్నాను కానీ మాకు చుట్టరికం లేదు. మా వీధి చివరింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ. మేం ఆ వీధికి మారిన కొత్తలో గోంగూర మొక్కలు కుండీతో సహా తెచ్చిచ్చి, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "పేకాట వచ్చా?" అని అడిగారు. "రమ్మీ వచ్చండీ," అన్నాను. "అయితే ఏమీ రాదన్నమాట. ఆదివారం మధ్యాహ్నం రా," అన్నారు.

ఆవిడ ఆడేది సెవెన్ కార్డ్ స్టడ్. మిషిగన్‌లో రెసిడెంటుగా ఉన్నప్పుడు ఆస్పత్రిలో డాక్టర్ల గదిలో నేర్చుకున్నారట. మనిషికి ఏడు ముక్కలు. మొదట రెండు మూసి, ఒకటి తెరిచి. తర్వాత మూడు ఒక్కొక్కటిగా తెరిచి. ఆఖరుది మళ్ళీ మూసి. ముక్క పడ్డప్పుడల్లా పందెం కాయాలి, వద్దనుకుంటే ముక్కలు పారేసి తప్పుకోవాలి. చివరిదాకా ఉన్నవాళ్ళలో ఎవరి చెయ్యి పెద్దదైతే, అంటే ఎవరికి పెద్ద జతలు కుదిరితే, టేబుల్ మధ్య చిల్లరంతా వాళ్ళది. చిల్లరంటే చిల్లరే. క్వార్టర్ నాణేన్ని ఆవిడ పావలా అనేవారు, మేమూ అలాగే అనేవాళ్ళం. ఆ టేబుల్ మీద పరిచేది ఆపరేషన్ థియేటర్లో వాడే ఆకుపచ్చ గుడ్డ. ముక్కలు జారకుండా ఉంటాయట. దాని మీద ముక్కలు పంచుతుంటే ఆవిడ వేళ్ళు ఇంకా డ్యూటీలోనే ఉన్నట్టుండేవి.

మా ఆయన, నేను, ఆ రోజుకి ఎవరొస్తే వాళ్ళు. తప్పకుండా వచ్చేది మాత్రం ఇంజినీరు బాబాయిగారు. వరంగల్ మనిషి, విమానాల కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. మంచి ముక్క పడితే ఆయన ఎడమ కనుబొమ పైకి లేచేది, నోట్లోంచి సన్నగా ఒక కూనిరాగం వచ్చేది. రెండూ ఆయనకి తెలియకుండానే. అది వినగానే మేమంతా ముక్కలు పారేసేవాళ్ళం. "అందరికీ ఏడు ముక్కలు. మీకు ఎనిమిది, ఇంజినీరు గారూ. ఆ ఎనిమిదోది మీ మొహం," అనేవారు అత్తయ్య. "నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఏదో ఒక దినం ఈ మొహం బందు జేస్త, అప్పుడు జూడుండ్రి," అనేవారాయన.

మొదటి ఆదివారమే నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. మనవాళ్ళలో రమ్మీ ఆడి పెరిగిన ఎవరైనా అదే చేస్తారు. నా మూసిన ముక్కలు రెండూ అయిదులు. జత దొరికిందని సంబరపడిపోయాను. మూడో అయిదు రాకపోతుందా అని ముక్క ముక్కకీ పావలాలు నెడుతూ ఆఖరుదాకా కూర్చున్నాను. రాలేదు. ముక్కలు తిప్పాక అత్తయ్య కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఏమే, దేనికోసం కూర్చున్నావు?"

"మూడో అయిదు వస్తుందేమోనని..."

"ఎక్కణ్ణుంచి?"

అప్పుడు చూశాను. ఆఠీన్ అయిదు మా ఆయన ముందు, కళావర్ అయిదు బాబాయిగారి ముందు, మొదట్నుంచీ వెల్లకిలా పడుకుని ఉన్నాయి.

"వస్తది బిడ్డా, ఎందుకు రాదు? నా ముంగట్నుంచి లేసి నడుసుకుంట వస్తది," అన్నారు బాబాయిగారు. మా ఆయన నవ్వాపుకోలేక లేచి వంటింట్లోకి పోయాడు.

అత్తయ్య నవ్వలేదు. "రమ్మీలో రెండు కట్టలు కలిపి పంచుతారు. ఎనిమిది అయిదులుంటాయి, పైన జోకరుంటాడు. రెండు చేతిలో పెట్టుకుని మూడోదాని కోసం ఎదురుచూడ్డం అక్కడ తప్పు కాదు. ఇక్కడ ఒకటే కట్ట, అమ్మాయ్. జోకరు లేడు. ముందు టేబులంతా చూడు. తర్వాత నీ చెయ్యి చూసుకో. నీక్కావాల్సినవి ఇంకా బతికున్నాయా, ఇంకొకళ్ళ ముందు తేలిపోయాయా? తేలిపోతే జతని కూడా పారేయాలి. ముద్దొస్తోందని దాచుకోకూడదు."

ముక్కలు పారేయడానికి ఈ ఆటలో అసలు మాట ఫోల్డ్. కానీ మా టేబుల్ దగ్గర అందరం రమ్మీ ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళమే, డ్రాప్ అనేవాళ్ళం. అత్తయ్య కూడా మాతో పాటు డ్రాప్‌లోకి దిగారు.

పారేయడం ఒక్కటే నేర్పారనుకోకండి. ఒక ఆదివారం ఆవిడ ముందు ఆసు తెరిచి ఉంది. అడక్కుండానే పందెం పెంచారు. ఒక్కొక్కళ్ళం ఆసుల జత ఉందని జడిసి తప్పుకున్నాం. బాబాయిగారు మాత్రం నాలుగో ముక్కదాకా ఉండి, ఆవిడ మళ్ళీ పెంచేసరికి నిట్టూర్చి డ్రాప్ అన్నారు. అత్తయ్య మూసిన ముక్కలు తిప్పి చూపించారు. ఆరుల జత.

"ఆరులా! నేను ఎనిమిదుల జత పారేస్తి గదా! గిది దగా డాక్టరమ్మగారూ!"

"దగా ఏముందండీ? నాక్కావాల్సిన మిగతా ఆరులు రెండూ బయటెక్కడా పడలేదు. ఆసులూ పడలేదు. బతికున్న ముక్కలు. బతికున్నంతసేపూ గట్టిగా ఆడాలి. చిన్న జతకి జనం పడదు, అందుకని మిమ్మల్నందర్నీ ముందే బయటికి పంపించాను."

"జిందగీల ఒక్కపారి డ్రాప్ చేసిన. గది గూడ తప్పే అయ్యింది," అని ఆయన వాపోయారు. ఆ మాట ఆ తర్వాత మా ఇళ్ళలో చాలాకాలం తిరిగింది.

నాది సందేహాల బుర్ర. ఎం.ఏ. చదివాను, ఆఫీసులో పత్రాలు రాసే పని చేస్తాను, ఒక వాక్యం రాసి ముగ్గురిని అడుగుతాను. టేబుల్ దగ్గరా అంతే. ఆవిడ ఒకసారి నా చెయ్యి తట్టి అన్నారు: "సందేహపడు, తప్పులేదు. కానీ నాలుగో ముక్కలోపే పడు. అయిదో ముక్క నుంచి పందెం రెట్టింపు. అప్పుడు పడే సందేహం ఖరీదెక్కువ." ఆఫీసు మీటింగుల్లో ఈ మాట నాలో నేనే అనుకున్న రోజులు చాలా ఉన్నాయి.

ఆవిడ అలవాటు ఇంకొకటుంది. డ్రాప్ చేశాక, వచ్చి ఉండాల్సిన ముక్క ఏమిటో ఎప్పుడూ చూసేవారు కాదు. నాకు అది చూడకపోతే నిద్రపట్టదు. ఆట అయిపోగానే మిగిలిన కట్ట మీదికి నా చెయ్యి పోయేది. అందుకే ఆవిడ తన మంచినీళ్ళ స్టీలుగ్లాసు తీసి ఆ కట్ట మీద పెట్టేసేవారు. "చూస్తే రెండుసార్లు ఓడిపోయినట్టు. ఒక్కసారి చాలు," అనేవారు.

కిందటి శరదృతువులో ఒక ఆదివారం ఆట కాగానే, "నువ్వుండు," అన్నారు నాతో. అందరూ వెళ్ళాక గ్లాసు కడుగుతూ, వీపు నావైపే ఉంచి, పాంక్రియాస్‌లో కేన్సర్ అని చెప్పారు. లివర్‌లోకి కూడా వెళ్ళిందని చెప్పారు. కీమో మందు వద్దని ఆంకాలజిస్టుకి చెప్పేశానని కూడా అదే గొంతుతో, నీళ్ళు కట్టేస్తూ చెప్పారు.

నేనేం చేశానో ఇప్పుడు సరిగా చెప్పలేను. చాలా చేశాను. మధ్యాహ్నం లంచ్ టైములో అర్థంకాని వైద్య వ్యాసాలు చదివాను. నమ్మకం లేనిదాన్ని తిరుపతికి మొక్కుకున్నాను. కమ్మింగ్ నుంచి కూతురు రోజూ ఫోన్ చేసేది. "అక్కా, నేను చెప్తే అమ్మ వినదు. నువ్వు చెప్తే వింటుంది. ప్లీజ్ అక్కా. అమ్మ ఫైట్ చేయాలి కదా?" అనేది. చేయాలి అనేదాన్ని. డౌన్‌టౌన్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో కొత్త మందు ఒకటి రోగుల మీద ట్రయల్‌లో ఉందని తెలిసింది. ఒక వానమధ్యాహ్నం వెళ్ళి ఆ ఆకుపచ్చ గుడ్డ ముందు ఆవిడకెదురుగా కూర్చున్నాను.

"ఒక్కసారి వెళ్ళి కనుక్కుందాం అత్తయ్యగారూ. కొందరికి పనిచేస్తోందట."

"ఎలాంటివాళ్ళకి?"

ఆవిడే చెప్పారు. లివర్ సంగతి, పొట్టలో నీరు సంగతి, తన బరువు, తన వయసు. ఒక్కొక్కటీ చెబుతూ ఎదురుగా ముక్క పెడుతున్నట్టు వేలు గుడ్డ మీద ఆనించారు. "టేబుల్ మీద ఏం తేలిందో చూశావా? నేను భయపడి డ్రాప్ చేయలేదే. చూసి చేశాను."

"డాక్టర్లు పొరపాటు పడతారు."

"నేనూ డాక్టర్నే. నేనూ పడతాను."

"మరి?"

"మరేముంది, పడితే పడతాను."

కోపం వచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వస్తుంది. "మీరు డ్రాప్ అని పెద్దగా పేరు పెట్టుకున్నారు గానీ, ఇది పారిపోవడం," అన్నాను.

ఆవిడ కొంచెంసేపు కిటికీలోంచి సెడార్ చెట్టు మీద పడుతున్న వాన చూశారు. "పారిపోయేవాళ్ళు కుర్చీలోంచి లేస్తారే. నేను కూర్చునే ఉన్నాగా?" అన్నారు. తర్వాత, "కాఫీ పెట్టు. పంచదార తగలెయ్యకు," అన్నారు.

నిజంగానే కూర్చున్నారు. ఆదివారాలు ఆగలేదు. ఆడే ఓపిక లేని రోజున మాకు ముక్కలు పంచేవారు. పావలాలు లెక్క తప్పుతున్న బాబాయిగారిని కసురుకునేవారు. డ్రాప్ చేసిన మనిషి కూడా ఆట చూస్తూ నవ్వుతూ టేబుల్ దగ్గరే ఉంటుందని అప్పుడు కళ్ళారా చూశాను. అలాగని చివరిదాకా చిరునవ్వుతోనే ఉన్నారని రాస్తే మీకు అబద్ధం చెప్పినట్టు. నొప్పి ఉండేది. నా వంట వాసన పడక విసుక్కున్న రోజులున్నాయి. నన్ను గుర్తుపట్టి కూడా మొహం తిప్పుకున్న రోజొకటి ఉంది.

ఇంకొక రోజు ఉంది. అది రాయాలా వద్దా అని ఈ పేజీ ముందు ఎంతోసేపు కూర్చున్నాను. మంచం డైనింగ్ రూములోకి, ఆ టేబుల్ పక్కకి మార్చాక, ఒక మధ్యాహ్నం కాళ్ళు పడుతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా. జీవితమంతా ఇతరుల నాడి చూసిన వేళ్ళు అవి.

"ఆ మందు... ట్రయల్ వాళ్ళు... ఇంకా తీసుకుంటున్నారా?"

ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. చిన్నపిల్ల గొంతు. కారిడార్‌లోకి పరిగెత్తి ఫోన్ చేశాను. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. అవతల ఆవిడ ఎంతో మర్యాదగా ప్రశ్నలడిగింది. మంచం దిగగలరా? సొంతంగా తినగలరా? నా ప్రతి జవాబుకీ ఆ మర్యాద ఇంకొంచెం పెరిగింది. ఆఖరికి, సారీ అంది. ఇప్పుడు తీసుకోవడానికి వీల్లేదంది.

తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. నా మొహంలో చదివేశారు. బాబాయిగారి మొహం కంటే గొప్పదేం కాదు నాది.

"కుదరదన్నారా?"

తలూపాను.

కళ్ళు మూసుకున్నారు. పెదవి ఒక పక్కకి కదిలింది. "చూశావా, నేను కూడా గ్లాసెత్తి చూశాను," అన్నారు. "రెండుసార్లు ఓడిపోయాను." ఆ తర్వాత, నా చెయ్యి వదలకుండానే, "ఏం కాదులే. మనిషన్నాక చూస్తుంది," అన్నారు.

అప్పట్నుంచీ ఆ మధ్యాహ్నం నన్ను వదలడం లేదు. నేను అడిగిన రోజే ఆవిడ ఊఁ అని ఉంటే? కొన్ని నెలలు కలిసొచ్చేవేమో. లేక ఆస్పత్రి కుర్చీలో వాంతులు చేసుకుంటూ, మా ఆదివారాలు లేకుండానే పోయేవారేమో. ఆవిడ సరిగ్గా ఆడారా? ముక్కలు నిజంగా చచ్చిపోయాయా, లేక కట్టలో ఒకటి మిగిలే ఉందా? ఆవిడ దగ్గరికెళ్ళి అడిగితే తేల్చి చెప్పే ప్రశ్న ఇది. అడగడానికి ఆవిడే లేరు. కారులో, స్నానాల గదిలో, ఆఫీసు మెట్ల మీద, ఎక్కడ కాస్త నిశ్శబ్దం దొరికితే అక్కడ ఇదే అడుగుతున్నాను. అన్నం సయించడం లేదు. ధైర్యం చెప్పేవాళ్ళంతా, ఆవిడ పెద్ద వయసు మనిషి కదా అంటున్నారు. నాకు వాళ్ళ మీద కోపం వస్తోంది.

పోయే ముందు వచ్చిన ఆదివారం కూడా ఆడాం. మంచం తల వైపు ఎత్తి, టేబుల్ దగ్గరికి జరిపాం. ఆవిడ, నేను, బాబాయిగారు. ముక్కలు ఆవిడే పంచారు, నెమ్మదిగా, ఒక్కొక్కటీ గుడ్డ మీద ఆనించి తోస్తూ. మూసిన ముక్కలు రెండూ కొంచెం ఎత్తి చూసుకున్నారు. తల తిప్పి నా ముందున్నది చూశారు, బాబాయిగారి ముందున్నది చూశారు. నాలుగో ముక్క పంచి, మళ్ళీ ఒకసారి అన్నీ చూశారు.

"డ్రాప్," అన్నారు. తన ముక్కలు తిప్పి మాకు చూపించారు. నాలుగుల జత. బాబాయిగారి ముందు ఒక నాలుగు తెరిచి ఉంది.

"ఒక్కటే గదా తేలింది డాక్టరమ్మగారూ, ఇంకొకటి ఉన్నది గదా, ఉండుండ్రి," అన్నారాయన. అలా బతిమాలడం ఆయన నోటివెంట నేనెప్పుడూ వినలేదు. అత్తయ్య నవ్వి స్టీలుగ్లాసు తీసి కట్ట మీద పెట్టారు. వాలి నిద్రపోయారు. మేం ఆ ఆట పూర్తిచేయలేదు.

దహనం అయ్యాక నిన్న కూతురు నన్నూ బాబాయిగారినీ రమ్మంది. అద్దెకి తెచ్చిన చక్రాల మంచం తీసుకెళ్ళిపోయారు. కార్పెట్ మీద దాని చక్రాల గుంటలున్నాయి. టేబుల్ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఆకుపచ్చ గుడ్డ, వెల్లకిలా ఉన్న ఆ నాలుగులు, కట్ట, కట్ట మీద గ్లాసు. "ఇవి మీరే తీయండి అక్కా, నేను తీయలేను," అని ఆ అమ్మాయి మేడమీదికి వెళ్ళిపోయింది.

వెళ్ళి గ్లాసు ఎత్తాను. పై ముక్క వీపు మీద తడి ఆరిన గుండ్రటి మరక ఉంది. వేలు దాని అంచు మీద పెట్టాను. అది నాలుగా, కాదా. అంతే కదా. చూస్తే తేలిపోతుందన్నంత ఆశ పుట్టింది, ముక్కలో ఆవిడ జవాబు రాసి పెట్టినట్టు.

"తియ్యకు బిడ్డా," అన్నారు వెనక నుంచి బాబాయిగారు.

తిరిగాను. "మీరు చూశారా?"

"చూసిన. గా దినమే. ఆమె నిద్రల ఉండంగ."

"ఏముంది?"

ఆయన మొహంలోకి చూశాను. ఇన్నేళ్ళుగా అందరం చదివేసుకున్న మొహం, ఎనిమిదో ముక్క. ఆ కనుబొమ కోసం చూశాను, ఆ రాగం కోసం చెవులు రిక్కించాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అది పొద్దుట్నుంచీ అలాగే ఉంది. ఇంకేమీ లేదు. ఎంతసేపు చూసినా కనుబొమ కదల్లేదు. ఆయన నా చేతిలోంచి గ్లాసు మెల్లగా తీసుకున్నారు. వంగి, ఆ మరక మీద అంచుకి అంచు సరిపోయేలా మళ్ళీ పెట్టారు.